స్ప్రింగులు అమ్ముకోండి, తీసేసిన కారణం దాచకండి

పోస్టు కొంచెం పెద్దది. మన పిల్లల్లో తెలుగు మాట్లాడటం వచ్చి చదవడం రానివాళ్ళు చాలామంది ఉన్నారు. ఇంట్లో ఎవరైనా వాళ్ళకి చదివి వినిపించండి. ముఖ్యంగా వాళ్ళ కోసమే రాస్తున్నాను.

గత వారం మన గ్రూపులో ఒక ప్రకటన వచ్చింది. స్విఫ్ట్ కారుకి లోయరింగ్ స్ప్రింగులు, నాలుగూ సెట్టు, తక్కువ వాడకం, సూపర్ కండిషన్, బేరం లేదు. పక్కన ఫోటో. దాని కింద బొటనవేళ్ళు, మంటల బొమ్మలు వరసగా వచ్చాయి. చివర ఒక తమ్ముడు "అన్నా, వేరేవాళ్ళకి ఇవ్వకు, జీతం పడ్డాక వచ్చి తీసుకుంటా" అన్నాడు. ఆ మాట చూశాకే రాయాలనిపించింది. అమ్మే కుర్రాడి మీద నాకు కోపం లేదు. కష్టపడి సంపాదించిన డబ్బుతో కొన్నాడు, వాడాడు, అక్కర్లేదనుకున్నాడు, అమ్ముతున్నాడు. అందులో తప్పు లేదు. నా మాటల్లా ఆ ప్రకటనలో లేని ఒక్క విషయం గురించి. ఎందుకు తీసేశాడు?

తెలియనివాళ్ళ కోసం ముందు వస్తువేమిటో చెప్తాను. కారు నాలుగు చక్రాల దగ్గరా చుట్ట స్ప్రింగులుంటాయి. లారీలకి కమాన్లు ఎలాగో వీటికి ఇవి అలాగ. కంపెనీ ఇచ్చిన స్ప్రింగు తీసేసి, దానికంటే పొట్టిగా, కాస్త గట్టిగా ఉండే స్ప్రింగు వేస్తే కారు మూడు, మూడున్నర సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. టైరుకీ బాడీకీ మధ్య ఖాళీ తగ్గుతుంది. చూడ్డానికి బండి నేలని పట్టుకుని కూర్చున్నట్టుంటుంది. అందం ఒక్కటే కాదు, నిజమైన లాభం కూడా ఉంది. బరువు కిందికి దిగితే మలుపుల్లో బండి తక్కువ ఒరుగుతుంది, స్టీరింగు తిప్పగానే మాట వింటుంది. నున్నటి రోడ్డు మీద అలాంటి కారు నడిపినవాడికి ఆ రుచి తెలుస్తుంది. కాబట్టి "ఇదంతా కుర్రాళ్ళ పిచ్చి" అని తీసిపారేసే పెద్దలతో నేను ఏకీభవించను. వాళ్ళు బండి కిందకి దూరి స్పానరు పట్టి నేర్చుకున్నది మనలో చాలామందికి తెలియదు.

ఆ లాభం అంతా నున్నటి రోడ్డు మీద. శ్రీపెరంబుదూరు దగ్గర మద్రాసు రేసు ట్రాకు ఉంది, కోయంబత్తూరులో కరి స్పీడ్‌వే ఉంది. ఆ స్ప్రింగుకి అవి పుట్టిల్లు లాంటివి. తెరుబలి నుంచి మనం వెళ్ళే దారులు వేరు. పెళ్ళికి పార్వతీపురం వెళ్ళాలి. అర్ధరాత్రి నొప్పులొస్తే బిసంకటక్ ఆసుపత్రికి పరుగెత్తాలి. పనుంటే లక్ష్మీపూర్ ఘాటీ ఎక్కి కోరాపుట్ పోవాలి. సంక్రాంతికి బొబ్బిలో విజయనగరమో చేరాలి. వానాకాలం వెళ్ళాక ఆ రోడ్ల మీద ఏం మిగులుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. బరువు లారీలు తిరిగిన చోట రెండు టైర్ల దారులూ కుంగిపోయి మధ్యలో గట్టు లేస్తుంది. ఆ గట్టు కారు పొట్ట కిందనుంచే పోవాలి.

ఇప్పుడు స్పీడ్ బ్రేకర్ల లెక్క చూడండి. చిన్న లెక్కే, పదో తరగతి పిల్లలు కూడా వేయగలరు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో స్పీడ్ బ్రేకర్లకి ఐఆర్‌సీ 99 అని ఒక ప్రమాణం ఇచ్చింది. ఎత్తు 10 సెంటీమీటర్లు, దారి పొడవునా వెడల్పు 3.7 మీటర్లు, వంపు 17 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తంలో ముక్క. గంటకి 25 కిలోమీటర్ల వేగంతో దాటడానికి అది సరిపోతుంది. స్విఫ్ట్ ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2.45 మీటర్లు. అంటే ప్రమాణం ప్రకారం కట్టిన బ్రేకర్ మీద రెండు జతల చక్రాలూ ఒకేసారి ఆ వంపు మీదే ఉంటాయి. అప్పుడు కారు నడుం కిందకి పొడుచుకొచ్చే ఎత్తు నాలుగున్నర సెంటీమీటర్లు కూడా ఉండదు. లోయర్ చేసిన కారు కూడా నవ్వుకుంటూ దాటేస్తుంది.

మన ఊళ్ళ మధ్య ఉన్నవి అలాంటివా? ఎక్కడో ఒక పిల్లాడికి బండి తగులుతుంది. ఆ సాయంత్రమే ఊరివాళ్ళు సిమెంటు కలిపి అడ్డంగా ఒక గట్టు పోస్తారు. వాళ్ళ బాధ వాళ్ళది, నేను తప్పుపట్టను. ఆ గట్టు మీటరు వెడల్పు, పదిహేను సెంటీమీటర్ల ఎత్తు అనుకోండి. ముందు చక్రాలు దిగిపోతాయి, వెనక చక్రాలు ఇంకా ఎక్కవు, గట్టు మొత్తం ఎత్తూ కారు నడుం కిందే ఉంటుంది. 2018 తర్వాత వచ్చిన స్విఫ్ట్‌కి కంపెనీ చెప్పిన గ్రౌండ్ క్లియరెన్స్ 163 మిల్లీమీటర్లు. అందులోంచి 35 తీసేస్తే 128. గట్టు 150. ఇది ఖాళీ కారు లెక్క. కంపెనీ ఎత్తులో ఉన్న కారు కూడా ఐదుగురు ఎక్కితే అక్కడ గీసుకుంటుంది, అందుకే ముసలివాళ్ళని కూడా దించి నడిపిస్తాం. లోయర్ చేసిన కారు డ్రైవరు ఒక్కడే ఉన్నా గీసుకుంటుంది. గీసుకునేది ఎక్కడో ఒక చోట అయితే పర్వాలేదు. ముందువైపు ఇంజిను కింద ఆయిల్ చాంబర్ ఉంది. అది పగిలి ఆయిలంతా కారిపోయినా, ఎర్ర లైటు చూసుకోకుండా ఇంకో రెండు కిలోమీటర్లు నడిపితే ఇంజిను పట్టేస్తుంది. ఐదారు వేలకి దొరికిన స్ప్రింగుల వెనకాల అంతకి పదింతల ఖర్చు వస్తుంది.

పొట్ట తగలడం కంటికి కనిపించే సంగతి. కనిపించని సంగతులు ఇంకో మూడు ఉన్నాయి.

మొదటిది షాకబ్జర్లు. గుంతలో పడినప్పుడు చక్రం పైకి లేవడానికి కొంత చోటుంటుంది. బండిని మూడున్నర సెంటీమీటర్లు దించామంటే ఆ చోటులోంచి అంత ముందే తినేశామన్నమాట. అందుకే లోయరింగ్ స్ప్రింగుని గట్టిగా తయారుచేస్తారు. కానీ కంపెనీ షాకబ్జరు కంపెనీ స్ప్రింగుకి సరిపోయేలా చేసినది. గట్టి స్ప్రింగుని అదుపులో పెట్టలేక అది త్వరగా నీరసించిపోతుంది. ఆ తర్వాత గుంత గుంతకీ చివర ఉన్న రబ్బరు దిమ్మకి కొట్టుకుంటుంది. ఘాటీ మలుపులో ఒక చక్రం అలా కొట్టుకుంటే టైరు రోడ్డు మీది పట్టు ఒక్క క్షణం వదిలేస్తుంది. ఆ క్షణంలో ఎదురుగా ఏముందన్నది మన అదృష్టం.

రెండోది అలైన్‌మెంట్. బండి కిందికి దిగితే ముందు చక్రాల కోణాలు మారతాయి. స్ప్రింగు మార్చిన రోజే అలైన్‌మెంట్ చేయించాలి. చేయించకపోతే కొత్త టైర్లు లోపలి అంచు వైపు అరిగిపోతాయి. పైనుంచి చూస్తే టైరు బాగానే ఉంటుంది, లోపల తీగ కనిపిస్తుంటుంది. ముందు భాగం ఎక్కువ దిగితే హెడ్‌లైటు వెలుగు దగ్గర పడుతుంది, రాత్రి దూరం కనపడదు.

మూడోది బ్రేకులు. ఏబీఎస్ లేని కొన్ని పాత కార్లలో వెనక ఇరుసు దగ్గర ఒక వాల్వు ఉంటుంది. వెనక భాగం ఎంత కిందికి దిగిందో చూసి, బరువెక్కువుందని అనుకుని వెనక బ్రేకులకి ఎక్కువ ఒత్తిడి పంపిస్తుంది. లోయర్ చేసిన కారు ఖాళీగా ఉన్నా ఆ వాల్వు కంటికి నిండు కారే. తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే వెనక చక్రాలు ముందు పట్టేసి బండి అడ్డం తిరుగుతుంది. మన దేశంలో అన్ని కొత్త కార్లకీ ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచి. మన కుర్రాళ్ళు కొనే సెకండ్ హ్యాండ్ బండ్లలో చాలావరకు అంతకు ముందువే.

ఇక వాడిన స్ప్రింగు సంగతి. ఇది మన ఊరివాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. 1961లో బన్సీధర్ పండా గారు స్థాపించిన కంపెనీ తెరుబలిలో కొలిమి పెట్టి మొదట ఫెర్రో సిలికాన్, తర్వాత ఫెర్రో క్రోమ్ తీసింది. మన ఇళ్ళల్లో రెండు మూడు తరాలు ఆ కొలిమి దగ్గర చెమటోడ్చినవే. కారు స్ప్రింగులకి ఎక్కువగా వాడే ఉక్కులో సిలికాన్ సుమారు ఒకటిన్నర శాతం, క్రోమియం ముప్పావు శాతం లోపు ఉంటాయి. ఆ రెండూ, వాటితోపాటు సరైన వేడి, సరైన చల్లార్పు కలిస్తేనే ఆ తీగ లక్షల సార్లు నలిగినా మళ్ళీ లేచి నిలబడుతుంది. పైన రంగు ఊడి తుప్పు పట్టి చిన్న గుంట పడితే, ఆ గుంట దగ్గరే పగులు మొదలవుతుంది. మొదట్లో కంటికి కనపడదు. ఒక రోజు గుంతలో పడినప్పుడు టప్పుమని విరుగుతుంది. విరిగిన మొన టైరుకి గుచ్చుకుంటే ఇక చెప్పేదేముంది. ఫోటోలో తళతళలాడే స్ప్రింగు మీద రంగు కంపెనీ వేసిందా, నిన్న స్ప్రే డబ్బాతో కొట్టిందా అని అడగాలి.

డబ్బుల్లేక ఉన్న స్ప్రింగునే గ్యాసు కట్టరుతో ఒక చుట్టు కోసేసే పద్ధతి ఒకటుంది. దాన్ని నేను ఏ మొహమాటం లేకుండా వద్దంటాను. ఎర్రగా కాలిన చోట ఉక్కుకి టెంపర్ పోతుంది. కొలిమి దగ్గర పనిచేసిన మీ నాన్నగారినో తాతగారినో అడగండి, రెండు ముక్కల్లో చెప్తారు. పైగా కోసిన చివర దాని గిన్నెలో సరిగ్గా కూర్చోదు. చక్రం వేలాడినప్పుడు స్ప్రింగు జారిపోవచ్చు. అలా కోసినదాన్ని "లోయరింగ్ స్ప్రింగు" అని అమ్మితే అది అబద్ధమే.

చట్టం మాట. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకి భిన్నంగా ఆర్‌సీలోని వివరాలు మారేలా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వెళ్ళిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌నే గట్టిగా నిలబెట్టింది. దీనికి మన కుర్రాళ్ళ దగ్గర సమాధానం ఉంది. ఆర్‌సీలో స్ప్రింగు ఎత్తు లేదు కదా, మరి నేనేం మార్చానంటారు. వాదన కొట్టిపారేసేది కాదు. కానీ 2019 సవరణలో సెక్షన్ 182-ఏని కొత్తగా మార్చి రాశారు. నిబంధనలు ఒప్పుకోని పద్ధతిలో విడి భాగాలు బిగించి బండిని మారిస్తే యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రోడ్డు మీద ఆపినప్పుడు ఏది ఒప్పుకున్న మార్పు, ఏది కాదు అన్న చర్చలో మనం గెలుస్తామన్న నమ్మకం నాకు లేదు. బీమా కంపెనీకి చెప్పకుండా మార్పు చేస్తే, క్లెయిమ్ నాడు సర్వేయరు దాన్నే పట్టుకుని కూర్చునే అవకాశం ఉంది.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఐబాక్ అనే జర్మన్ కంపెనీ 1951 నుంచీ ఉంది. ఇలాంటి స్ప్రింగులకి లోకమంతా పేరున్న కంపెనీ. జర్మనీలో ఆ స్ప్రింగు కొంటే, ఏ మోడల్ కారుకి ఎంత ఇరుసు బరువు దాకా పనికొస్తుందో చెప్పే పరీక్ష కాగితం దానితో వస్తుంది. బిగించాక తనిఖీ ఇంజనీరుకి చూపించి, బండి కాగితాల్లో రాయించుకుంటారు. ఆ తర్వాత పోలీసుకీ బీమాకీ భయపడక్కర్లేదు. మన దగ్గర మామూలు మనిషికి అందుబాటులో అలాంటి దారి లేదు. మంచి స్ప్రింగు సరిగ్గా బిగించినవాడూ, గ్యాసు కట్టరుతో కోసినవాడూ మన రోడ్డు మీద ఒకే గాటన పడతారు. అది కుర్రాళ్ళకి జరుగుతున్న అన్యాయమే. ఆ కాగితం లేనప్పుడు కొనేవాడికి మిగిలిన ఒకే ఒక ఆధారం, అమ్మేవాడి నోటిమాట. అందుకే ఆ మాట నిజమై ఉండాలంటున్నాను.

"నీకెందుకు అన్నా? చూసుకుని కొనుక్కోవడం కొన్నవాడి పని" అని కొందరు అంటారు. నిజమే, చట్టం కూడా దాదాపు అదే అంటుంది. 1930 నాటి వస్తువుల విక్రయ చట్టం ప్రకారం వ్యాపారి కాని మనిషి పాత సామాను అమ్మితే, అది పనికొస్తుందో లేదో మామూలుగా కొనేవాడే చూసుకోవాలి. కానీ 1872 నాటి కాంట్రాక్టు చట్టం తెరిచి సెక్షన్ 17 చూడండి. అందులో గుర్రం ఉదాహరణలు మూడున్నాయి. జబ్బు గుర్రాన్ని వేలంలో అమ్ముతూ అమ్మేవాడు నోరు మెదపలేదు, అది మోసం కాదు. అదే గుర్రాన్ని కొనేది అప్పుడే మైనారిటీ తీరిన తన కూతురైతే, ఆ చుట్టరికం వల్ల నిజం చెప్పడం తండ్రి బాధ్యత. ఇక మూడోది: "నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటాను" అని కొనేవాడు అన్నప్పుడు, అమ్మేవాడు ఊరుకున్నాడంటే బాగుందని చెప్పినట్టే.

నూట యాభై ఏళ్ళ కింద గుర్రం గురించి రాసిన మాట మన గ్రూపుకి అతికినట్టు సరిపోతుంది. ఊరూ పేరూ తెలియనివాడికి అమ్మితే అది మొదటి ఉదాహరణ. మన సంఘంలో అమ్మితే అది రెండోది. కొనేవాడు నీ తమ్ముడి క్లాస్‌మేటు. వాళ్ళమ్మ మీ ఇంటికి వినాయక చవితి ఉండ్రాళ్ళు పంపిస్తుంది. రేపు సంఘం మీటింగులో పక్క కుర్చీలో కూర్చునేది వాడే. మనల్ని కలిపింది ఈ పరాయి రాష్ట్రంలో ఒకరికొకరం ఉన్నామన్న ధైర్యం. దాని మీద నిలబడి అమ్ముతున్నప్పుడు వేలంపాట నీతి సరిపోదు. కామెంట్లలో "అన్నా ప్రాబ్లం ఏం లేదు కదా" అని అడిగితే బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకోవడం మూడో ఉదాహరణ. అక్కడ మౌనం కూడా మాటే.

ఆలోచించండి, ఈ స్ప్రింగులు ఎవరైనా ఎందుకు తీసేస్తారు? కారు అమ్మేస్తున్నాడు, అందుకని కంపెనీ స్ప్రింగులు మళ్ళీ వేశాడు. అది ఒక కారణం, మంచి కారణం. పెళ్ళయింది, ఇంట్లోవాళ్ళకి నడుం నొప్పి. అదీ ఒక కారణం. చాంబరు రెండుసార్లు తగిలింది. షాకబ్జరు కారింది. ఒకవైపు కుంగింది. దారిలో ఆపి ఫైను వేశారు. ప్రతి కారణం కొనేవాడికి ఒక పాఠం. ఆ పాఠం మనం డబ్బు పెట్టి నేర్చుకున్నాం. వస్తువు అమ్మి పాఠం దాచుకుంటే, పక్కవాడు అదే పాఠానికి మళ్ళీ డబ్బు కట్టాలి. అమ్మబోతే అడివి, కొనబోతే కొరివి అని మనవాళ్ళు అనేది ఇందుకేనేమో. అమ్మేవాడికి తెలిసింది కొనేవాడికి తెలియదు, కొనేవాడి అనుమానం అమ్మేవాడికి గిట్టుబాటు కాదు.

"అన్నీ చెప్తే ఎవడు కొంటాడు?" అన్నది రెండో ప్రశ్న. దీనికి జార్జ్ ఎకర్లాఫ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1970లోనే జవాబు రాశాడు. ఆయన తీసుకున్న ఉదాహరణ కూడా పాత కార్లే. ఏది మంచిదో ఏది చచ్చుదో కొనేవాడికి తెలియనప్పుడు, అన్నిటికీ సగటు ధరే ఇస్తాడు. అప్పుడు మంచి సరుకున్నవాడు మార్కెట్లోంచి తప్పుకుంటాడు, చచ్చు సరుకే మిగులుతుంది. ఆ ఆలోచనకే 2001లో ఆయనకి నోబెల్ బహుమతిలో వాటా వచ్చింది. మన గ్రూపులో ఒక్కసారి ఒకడు దెబ్బతింటే తర్వాత మంచి టైర్లు అమ్మేవాడికీ, మంచి ఫ్రిజ్ అమ్మేవాడికీ కూడా బేరం పడిపోతుంది. నిజం చెప్పడం వల్ల ఐదు వందలు తగ్గవచ్చు. నమ్మకం పోతే తగ్గేది గ్రూపు మొత్తానికి.

మూడో మాట ఆ "జీతం పడ్డాక వస్తా" అన్న తమ్ముడి లాంటివాళ్ళ గురించి. నగరంలో ఇలాంటి స్ప్రింగు కొనేవాడికి చాలాసార్లు రెండో బండి ఉంటుంది. మన దగ్గర ఇంటి మొత్తానికీ ఒకటే కారు. మజ్జిగౌరమ్మ గుడి దగ్గర నిమ్మకాయలు తొక్కించి తెచ్చిన బండి అది. వారమంతా కుర్రాడి సరదా, ఆదివారం నాన్నగారి మార్కెట్టు, అవసరానికి వీధి మొత్తానికీ అంబులెన్సు. పొద్దున్న ఒక్కడే నడిపినప్పుడు బ్రహ్మాండంగా ఉన్న కారులో, సాయంత్రం ఐదుగురు, వెనక బియ్యం బస్తా ఎక్కితే అది వేరే కారు. కొనేవాడు తనకోసమే కొంటున్నాననుకుంటాడు. ఎక్కేవాళ్ళందరి తరఫునా కొంటున్నాడు.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. నిషేధం వద్దు. నిషేధిస్తే అమ్మకం గ్రూపు బయటికి పోతుంది, మంచిచెడ్డలు చెప్పే పెద్దలకి తెలియకుండా జరుగుతుంది. స్ప్రింగు, షాకబ్జరు, బ్రేకు, టైరు, స్టీరింగు సామాను, హెల్మెట్. ప్రాణం ఆధారపడిన ఈ ఆరు రకాల పాత వస్తువులు మన గ్రూపులో అమ్మేవాళ్ళు ఈ ఆరు సంగతులూ ప్రకటనలోనే రాయాలి:

1. ఏ కంపెనీది, దాని మీద ఉన్న పార్టు నంబరు ఫోటో. నంబరు కనపడకపోతే కనపడలేదనే రాయాలి.

2. ఏ మోడల్, ఏ సంవత్సరం కారుకి, పెట్రోలుకా డీజిలుకా. డీజిలు ఇంజిను బరువెక్కువ. పెట్రోలు కారు ముందు స్ప్రింగు దానికి వేస్తే ఇంకా కుంగిపోతుంది. "అన్ని కార్లకీ సరిపోతుంది" అన్న మాట రాయకూడదు.

3. ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని వానాకాలాలు వాడారు.

4. వేడి చేయడం, కోయడం, వెల్డింగు, మళ్ళీ రంగు వేయడం జరిగిందా.

5. వాడుతుండగా వచ్చిన ఇబ్బంది. పొట్ట తగలడం, షాకబ్జరు కారడం, టైరు ఒకవైపు అరగడం, ఏదైనా సరే.

6. ఎందుకు తీసేశారు. ఒక్క వాక్యం చాలు.

కొనేవాళ్ళకి కూడా నాలుగు మాటలు. నాలుగు స్ప్రింగులూ నేల మీద నిలబెట్టి, ముందు జత ఒకే ఎత్తుందా, వెనక జత ఒకే ఎత్తుందా కొలవండి. వేలితో చుట్టూ తడిమి తుప్పు గుంటలు చూడండి. బిగించడానికి స్ప్రింగ్ కంప్రెసర్ ఉన్న షెడ్డుకే వెళ్ళండి. ముందు స్ప్రింగు షాకబ్జరు మీద వందల కిలోల ఒత్తిడితో నొక్కి ఉంటుంది, తాళ్ళతో కట్టి విప్పుతానన్న మెకానిక్ ఎంత మంచివాడైనా ఒప్పుకోవద్దు, అది ఎగిరితే మనిషి మొహానికే తగులుతుంది. అన్నిటికంటే ముఖ్యం, మీ కంపెనీ స్ప్రింగులు పాత ఇనుము కొట్టుకి వేయకండి. నూనె గుడ్డ చుట్టి అటక మీద పెట్టుకోండి. మనసు మారిన రోజు వెనక్కి వచ్చే దారి అదే.

అమ్మే తమ్ముడికి ఒక సలహా. ఈ వస్తువుకి సరైన కొనుగోలుదారుడు మన ఊళ్ళో ఉండకపోవచ్చు. హైదరాబాదులోనో బెంగళూరులోనో కోయంబత్తూరులోనో అదే కారుతో ట్రాకుకి వెళ్ళేవాళ్ళున్నారు. వాళ్ళకి దీని విలువా తెలుసు, దీని హద్దులూ తెలుసు. నాలుగు స్ప్రింగులు ఒక అట్టపెట్టెలో పట్టే సామాను. పార్సిలు ఖర్చు పోయినా మంచి ధరే రావచ్చు. ఇక్కడే అమ్మాలనుకుంటే అమ్ము, కానీ కొనేవాణ్ణి ఒక్క ప్రశ్న అడిగి అమ్ము: ఈ కారులో మీ ఇంట్లోవాళ్ళు ఎంతమంది ఎక్కుతారు? జవాబు విన్నాక ఆ వస్తువు ఇవ్వాలో వద్దో నీకే తెలుస్తుంది.

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ ఆరు అంశాల నియమం చర్చకి పెట్టమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. వ్యతిరేకించేవాళ్ళు కూడా వచ్చి మాట్లాడండి, ముఖ్యంగా కారు పని తెలిసిన కుర్రాళ్ళు. ఆరింటిలో ఏదైనా అనవసరమైతే తీసేద్దాం, నేను మర్చిపోయింది ఉంటే చేర్చుకుందాం. ఆరోది మాత్రం ఉంచమని నా మనవి.